ప్రశ్నాపత్రమున శ్లేష

మొన్న ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా కార్యాలయమునకు వచ్చెను. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ప్రశ్నాపత్రమొకటి యుండెను. కుమారుడు పట్టపరీక్షకు తెలుగు సాహిత్యమును ప్రధానముగ చదువుచున్నవాడు. తక్కిన ప్రశ్నలకెల్ల మంచి మార్కులే వచ్చినవి గాని, ఇరువది మార్కుల వ్యాసప్రశ్నకు మాత్రము రెండే వచ్చినవట. ఆ ప్రశ్న యిది: "భారతమున ధర్మరాజు నిందయందలి ఔచిత్యమును చర్చింపుము." బాలుడు కర్ణపర్వమును గైకొని, కర్ణునిచే గాయపడి శిబిరము చేరిన ధర్మరాజు అర్జునుని నిందించిన ఘట్టమును గూర్చి ఆరు పుటలు వ్రాసెను. పరీక్షకుడు కోరినదో, అరణ్యపర్వమున ద్రౌపదియు భీముడును ధర్మరాజును నిందించిన ఘట్టము. "అడిగినది యొకటి, వ్రాసినది వేరొకటి" యని ఉపాధ్యాయుడొకరు తేల్చివేసిరట. విద్యాలయమేదియో చెప్పుట మా యుద్దేశము కాదు. ఇట్టివి ఒక్క విద్యాలయమున జరుగునవి కావు.

ఆ రైతు భారతమును చదివినవాడు కాడు, హరికథలలో విన్నవాడు. ఆయన మమ్ము అడిగినది ఒక్కటే మాట: "అయ్యా, ధర్మరాజు నింద యనగా ధర్మరాజు చేసిన నిందయా, ధర్మరాజును చేసిన నిందయా?" పరీక్షకుని ప్రశ్నకంటె ఆ రైతు ప్రశ్న స్పష్టముగ నున్నదని మాకు తోచినది. నేడు ఆ ప్రశ్ననే మా పాఠకుల ముందుంచుచున్నాము.

ఇందు వ్యాకరణము బాలుని పక్షమున నున్నది. క్రియను తెలుపు కృదంత శబ్దముతోడి సంబంధమున, కర్తకును కర్మకును గూడ షష్ఠీవిభక్తియే వచ్చునని పాణిని విధించెను. తెలుగునను అంతే. "తండ్రి యాజ్ఞ" యన్నచో తండ్రి చేసిన ఆజ్ఞ. "దొంగ శిక్ష" యన్నచో దొంగకు పడిన శిక్ష. విభక్తి యొక్కటే, సంబంధములు రెండు. లోకానుభవము ఏది కర్తయో ఏది కర్మయో చెప్పుచున్నది గాని, శబ్దము చెప్పుట లేదు. ధర్మరాజు విషయమున లోకానుభవము రెండిటికిని తావిచ్చుచున్నది. ఆయన నిందితుడును అయ్యెను, నిందకుడును అయ్యెను. మఱి బాలుడు గ్రహించిన యర్థము శబ్దశాస్త్రమునకు విరుద్ధమని ఎవరు చెప్పగలరు?

సాహిత్యమును బాలుని పక్షముననే యున్నది. ఔచిత్యవిచారమునకు కర్ణపర్వఘట్టముకంటె తగిన తావు భారతమున నరుదు. కర్ణుడు హతుడయ్యెనని తలచి సంతోషముతో ఎదురుచూచిన అన్న, అది జరుగలేదని విని, గాండీవమును మఱియొకనికి ఇచ్చివేయుమని తమ్ముని నిష్ఠురమాడును. ఆ మాట యన్నవానిని చంపుదునని వ్రతము పూనిన అర్జునుడు కత్తి దూయును. శ్రీకృష్ణుడు అడ్డుపడి, ధర్మము యొక్క సూక్ష్మగతిని బోధించి, పెద్దవానిని పరుషముగ పలుకుటయే వానిని వధించుటతో సమానమని చెప్పి, వ్రతమును అన్నప్రాణమును ఏకకాలమున నిలుపును. గాయమువలన కలిగిన అసహనము, అన్నదమ్ముల ప్రేమ, ప్రతిజ్ఞకును ధర్మమునకును నడుమ ఘర్షణము ఇన్ని యొకచోట కూడిన ఘట్టమును గుర్తించి వ్రాసిన విద్యార్థి మందబుద్ధి కాడు. ద్వైతవనమున ద్రౌపది పలికిన నిష్ఠురములు సుప్రసిద్ధములు, మార్గదర్శుల పేర అంగళ్ల నమ్ముడుపోవు పుస్తకములన్నిటను దొరకును. కర్ణపర్వఘట్టమును వ్రాసినవాడు కావ్యమును చదివియే వ్రాసియుండవలెను. చదివినవానికి రెండు మార్కులు, వల్లించినవానికి పదునెనిమిది! ఇందలి అన్యాయము ఒక బాలునితో ముగియునది కాదు.

సందిగ్ధవాక్యమును గూర్చి మన పూర్వులు ఆలోచించినంతగా లోకమున నెవరును ఆలోచింపలేదనిన అతిశయోక్తి కానేరదు. "సైంధవమును తెమ్ము" అను వాక్యము మన పండితులకు సుపరిచితము. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱము కూడ. భోజనవేళ నన్నచో ఉప్పును, ప్రయాణవేళ నన్నచో గుఱ్ఱమును తేవలెను. అర్థమును నిర్ణయించునది ప్రకరణము. భర్తృహరి వాక్యపదీయమున సంయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము మొదలైనవానిని అర్థనిర్ణయమునకు హేతువులుగ లెక్కించెను. వాక్యబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూటితోబాటు వక్తయొక్క తాత్పర్యమును గూడ తెలియవలెనని తార్కికులు చెప్పిరి. మీమాంసకులో, గ్రంథతాత్పర్యమును తెలిసికొనుటకు ఉపక్రమోపసంహారములు మొదలుగ ఆరు లింగములను చూపిరి.

ఇట్టి శాస్త్రసంపదకు వారసులమైన మనము సందిగ్ధమైన ప్రశ్నను వ్రాసి, దానికి ఒక్కటే అర్థమున్నదని శఠించుట వింతగా నున్నది. పరీక్షామందిరమున విద్యార్థికి ప్రకరణమేది? ప్రశ్న ఒంటరిగా నిలిచియుండును. పై ప్రశ్న భాస్కరశతకమును గూర్చినది కావచ్చును, క్రింది ప్రశ్న ఛందస్సును గూర్చినది కావచ్చును. సన్నిధి లేదు, సాహచర్యము లేదు. ఇంటిలో నైనచో, "ఉప్పా, గుఱ్ఱమా?" యని సేవకుడు మాఱుప్రశ్న వేయగలడు. పరీక్షామందిరమున మాఱుప్రశ్న నిషిద్ధము; పర్యవేక్షకునికి ప్రశ్నను వివరించు అధికారము లేదు. తిరిగి యడుగు హక్కును తీసివేసినవాడు, తిరిగి యడుగ నక్కఱలేని రీతిగా అడుగు బాధ్యతను పూర్తిగా తనపై వేసికొనుచున్నాడు. మా వాదమునకు మూలము ఈ ఒక్క మాటయే.

తెలుగువారికి శ్లేషయన్న మక్కువ మెండు. పింగళి సూరనార్యుడు రాఘవపాండవీయమున ఒకే పద్యమున రామకథను భారతకథను నడిపెను. రామరాజభూషణుడు హరిశ్చంద్రుని, నలుని ఒక్కచోట కూర్చెను. ఆ కవులు రెండర్థములను తెలిసి పెట్టిరి. పాఠకుడు రెండిటిని గ్రహించినపుడే వారికి తృప్తి. ప్రశ్నాపత్రమును కూర్చు పండితునికి తన వాక్యమున రెండర్థములున్నవని తెలియదు, రెండవదానిని గ్రహించినవానిపై కోపము మాత్రము వచ్చును! బుద్ధిపూర్వకముగ కూర్చినది శ్లేష, అలంకారము. తెలియక దొర్లినది సందిగ్ధము. ఆలంకారికులు సందిగ్ధమును కావ్యదోషములలో లెక్కించిరి. ఆ దోషము కవిది యనిరి గాని, ఏ యాలంకారికుడును పాఠకునిది యనలేదు.

సందిగ్ధత విభక్తితోనే పోదు. "మనుచరిత్ర నాయకుని ధీరత్వమును వివరింపుము" అని ప్రశ్న వచ్చినదనుకొందము. తెలుగుదేశమున తొంబదిమంది ప్రవరుని గూర్చి వ్రాయుదురు. కావ్యనామమును బట్టి చూచినచో, కథ స్వారోచిషమనువు పుట్టుకకు దారితీయునది. ప్రవరుడు తొలి యాశ్వాసములలోనే కనుమరుగగును. నాయకుడు స్వరోచి యని వ్రాసినవానిని తప్పుపట్టుట యెట్లు? ప్రవరుడని వ్రాసినవానిని మాత్రము తప్పుపట్టుట యెట్లు? ప్రశ్నలో "ప్రవరుని" అను నాలుగక్షరములు వేసినచో ఈ చిక్కంతయు తొలగును.

"విమర్శింపుము" అను మాటను చూడుడు. శాస్త్రమున విమర్శ యనగా పరిశీలన. గుణమును దోషమును తూచుట. నేటి సభలలోను పత్రికలలోను ఆ మాట నిందకు పర్యాయమైనది. పల్లెనుండి వచ్చిన విద్యార్థి "విమర్శింపుము" అనగానే కవి తప్పులను ఏకరువు పెట్టును. గుణములను వ్రాయలేదని పరీక్షకుడు మార్కులు కోయును. వివరింపుము, చర్చింపుము, సమీక్షింపుము, పరామర్శింపుము అను మాటలు ప్రశ్నాపత్రములలో ఒకదానికి బదులొకటి దొర్లుచుండును. వీనికి భేదమున్నచో ఆ భేదమును బోధింపవలెను. లేనిచో ఒక్క మాటతోనే సరిపెట్టుకొనవలెను.

ఈ పరీక్షావిధానము మన గురుకులములనుండి వచ్చినది కాదు. 1854లో వెలువడిన వుడ్డుగారి విద్యాలేఖను బట్టి 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము, లండను విశ్వవిద్యాలయము మచ్చున, ప్రధానముగ పరీక్షలు జరుపు సంస్థగా వెలసినది. కచేరీలలో కొలువులకు మనుష్యులను ఏరుటకు ఆ జల్లెడ పనికివచ్చినది. మన పాతపద్ధతిలో గురువు శిష్యుని ఎదుట కూర్చుండి ప్రశ్నించెడివాడు. శిష్యుడు పొరబడినచో, "అది కాదు నాయనా, నేనడిగినది యిది" యని సవరించెడివాడు. నేడు అడిగినవాడొకడు, దిద్దువాడొకడు. ఇరువురును విద్యార్థికి కనబడరు. 1947లో స్వాతంత్ర్యము వచ్చినపిదప, సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని అధ్యక్షతను నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము 1949లో, తాము ఒక్క సంస్కరణమునే సూచింపవలసివచ్చినచో అది పరీక్షల సంస్కరణమే కావలెనని చెప్పినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండి, తెలుగు విద్యార్థుల నెఱిగిన మహనీయుని మాట యది. పాలకులు మాఱిరి, జల్లెడ మాఱలేదు.

న్యాయస్థానములు ఈ విషయమున ఏమి చెప్పినవో గమనింపదగును. కాన్పూరు విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున 1983లో సుప్రీంకోర్టు, ప్రశ్నలో సందిగ్ధత యున్నదని తెలిసినచో విశ్వవిద్యాలయము వెంటనే నిర్ణయించి ఆ ప్రశ్నను లెక్కనుండి తొలగింపవలెనని హితవు చెప్పినది. 2011లో, దిద్దిన జవాబుపత్రమును చూచుకొను హక్కు సమాచారహక్కు చట్టము క్రింద విద్యార్థికి కలదని తీర్పిచ్చినది. 2017లో మఱియొక తీర్పున, సందేహము కలిగినచో దాని లాభము అభ్యర్థికి గాక పరీక్షాధికారులకే చెందవలెనని పలికినది. 2024లో వైద్యవిద్యాప్రవేశపరీక్షయందు ఒక భౌతికశాస్త్రప్రశ్నకు రెండు జవాబులు సరియైనవిగ పరిగణింపబడగా, సుప్రీంకోర్టు ఢిల్లీ ఐ.ఐ.టి. పండితులను మువ్వురను కూర్చి ఒక్క జవాబును తేల్చినది. దానితో లక్షలాది విద్యార్థుల మార్కులు మాఱినవి.

ఒక్క భౌతికశాస్త్రప్రశ్నకు దేశపు అత్యున్నత న్యాయస్థానము కూర్చుండినది, మంచిదే. సాహిత్యవ్యాసమునకు పదునెనిమిది మార్కులు పోయిన బాలునికి దిక్కెవరు? రీకౌంటింగు కోరవచ్చునందురు. రీకౌంటింగు అంకెలను కూడును గాని అర్థమును కూడదు. వేసిన రెండు మార్కులు రెండే యని మఱల లెక్కించి చెప్పుటకు రుసుము కట్టవలెను!

2017 నాటి సూత్రమును గౌరవించుచునే, సాహిత్యవ్యాసమునకు అది తగదని మేము మనవి చేయుచున్నాము. ఆ తీర్పు, వేలకొలది అభ్యర్థులు వ్రాసిన పరీక్షలలో, నిపుణులు తేల్చిన జవాబులను న్యాయమూర్తులు మఱల తూచుట తగదను భావముతో పుట్టినది. వ్యాసప్రశ్నయందు తూకమునకు పెట్టవలసినది జవాబు కాదు, ప్రశ్న. మా పాఠకులలో భూములు గలవారు పెక్కుమంది. దస్తావేజులో "తూర్పున కాలువ" యని వ్రాసి, తూర్పున కాలువలు రెండున్నచో ఏమగునో వారికి చెప్పనక్కఱలేదు. వ్రాసినవాని మాట సందిగ్ధమైనపుడు దానిని వ్రాసినవానికే ప్రతికూలముగ గ్రహింపవలెనను న్యాయము వ్యవహారమున కలదు. భీమా కంపెనీల పత్రములకు మన న్యాయస్థానములు ఈ న్యాయమునే వర్తింపజేయుచున్నవి. కంపెనీలకు వర్తించునది కళాశాలలకేల వర్తింపదు? మాటలను ఎంచుకొను స్వేచ్ఛ ఎవరికున్నదో, పొరబాటు భారమును వారే మోయవలెను.

ఎదుటివారి వాదమును తోసివేయుట ధర్మము కాదు. ఉపాధ్యాయులు చెప్పు మాటలయందు సత్యము కలదు. "ప్రతి పొరబాటును మన్నించినచో పరీక్ష యేల? వల్లించిన వ్యాసమును ఏ ప్రశ్నకైన అతికించి, ప్రశ్న సందిగ్ధమనువారు బయలుదేరుదురు. దినమునకు ఇన్ని పత్రములని దిద్దువానికి ప్రతి విద్యార్థి మనసులో దూరుటకు తీరిక యెక్కడిది? అందఱికి ఒకే కొలత యుండవలదా?" ఇట్టి చమత్కారులు ఉందురనుటలో సందేహము లేదు. న్యాయశాస్త్రము వారిని ఎప్పుడో పట్టుకొన్నది. ఒకడు క్రొత్త కంబళి కప్పుకొన్నాడను నర్థమున "నవకంబలుడు" అనగా, "తొమ్మిది కంబళ్లు ఎక్కడివి?" యని యాక్షేపించుటను గౌతముని శాస్త్రము వాక్ఛలమని పేర్కొన్నది. వక్తయొక్క భావమును తెలిసియు మాటను మెలిపెట్టుట ఛలము. ఛలమునకు మార్కులు వేయుమని మేము కోరుట లేదు.

ఛలమును సత్యముగ కలిగిన సందేహమునుండి వేఱుచేయుట కష్టము కాదు. మూడు పరీక్షలు చాలును. విద్యార్థి గ్రహించిన యర్థమును ప్రశ్నలోని శబ్దములు వ్యాకరణరీత్యా భరింపగలవా? నిర్ణీత పాఠ్యభాగమున ఆ యర్థమునకు ఆధారమున్నదా? వ్యాసము మొదలు తుదివఱకు ఆ యర్థమునే అనుసరించినదా? మూటికి అవునన్న జవాబు వచ్చినచో ఆ వ్యాసమును దాని గుణమును బట్టి దిద్దవలెను. ఒక్కదానికైన కాదన్నచో పరీక్షకుని కలము నిరాఘాటముగ సాగవచ్చును. ఒకే కొలత యుండవలెననుట న్యాయమే. కాని ఒకే కొలత యనగా వ్యాసమందలి బుద్ధిని, భాషను, ఆధారమును అందఱి పట్ల సమముగ తూచుట. పరీక్షకుని మనసులోని మాటను ఊహించినవానికి బహుమతి, ఊహింపనివానికి దండన విధించుట కొలత కాదు, జూదము.

మఱి చేయవలసిన దేమి? ప్రశ్నాపత్రము అచ్చునకు పోకమునుపే, దానిని కూర్చని ఉపాధ్యాయుడొకడు రహస్యముగ చదివి, ఒక్కొక్క ప్రశ్నకు ఏమి వ్రాయవలెనని తనకు తోచినదో రెండు వాక్యములలో వ్రాయవలెను. కూర్చినవాని తలంపుతో అది సరిపోలనిచో ప్రశ్నను మార్చవలెను. పర్వమో, ఆశ్వాసమో, పాత్రల పేర్లో ప్రశ్నలోనే యుండవలెను. నాలుగు మాటలకు కాగితము చాలకపోదు. దిద్దుట మొదలైన తొలిదినమున కొన్ని పత్రములను అందఱును కలిసి చూచి, విద్యార్థులు ప్రశ్నను ఎన్ని రీతుల గ్రహించిరో గుర్తించి, సమంజసమైన రీతులనన్నిటిని సూచికలో చేర్చవలెను. పదిమందిలో నలుగురు ఒకే విధముగ "పొరబడినచో", పొరబాటు నలుగురిది కాదు, ఒక్కనిది. మూడవవంతుకంటె తక్కువ మార్కులు వేసిన వ్యాసమునకు కారణమును ఒక్క పంక్తిలో వ్రాయు నియమము పెట్టవలెను. కారణము వ్రాయబూనిన చేయి కొంత తడవు ఆగును. ఆ ఆగుటలోనే సగము న్యాయము జరుగును.

విద్యార్థులకును ఒక మాట. ప్రశ్నను రెండుమార్లు చదువుడు. ఒక పేరు కంటబడగానే కంఠస్థమైన వ్యాసమును క్రుమ్మరించుట మానుడు. ఈ జాడ్యమువలననే, స్పష్టమైన ప్రశ్నలను గూడ పెక్కుమంది తప్పుగ చదువుచున్నారు. ప్రశ్నకు రెండర్థములున్నవని తోచినచో, తొలి పంక్తిలోనే "ఈ ప్రశ్నను ఈ యర్థమున గ్రహించి వ్రాయుచున్నాను" అని చెప్పుడు. వీలైన తుదను రెండవ యర్థమును నాలుగు వాక్యములలో స్పృశింపుడు. కోలాచలము మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ప్రతిన పూని కాళిదాసాదులను వ్యాఖ్యానించెను. తెలంగాణమున పుట్టిన ఆ వ్యాఖ్యాతృశిరోమణి నియమము పరీక్షలు వ్రాయువారికిని, దిద్దువారికిని సమానముగ వర్తించును.

ఇది మార్కుల గొడవ మాత్రమే యని పెద్దలు కొందఱు అనుకొనవచ్చును. అట్లు కాదు. 1911 మొదలు కొన్నేండ్లు మన పెద్దలు వ్యాసరచన ఏ భాషలో నుండవలెనని మద్రాసు రాజధానిని దద్దరిల్లజేసిరి. 1914లో గురజాడ అప్పారావుగారు తమ అసమ్మతిపత్రమును వ్రాసినది ఈ వ్యాసరచనను గూర్చియే. విద్యార్థి వ్రాయు వ్యాసము ఒక జాతి యాలోచించు రీతిని తీర్చునని ఉభయపక్షముల వారికిని తెలియును గనుకనే అంతటి పోరాటము జరిగినది. కావ్యమును స్వయముగ చదివి, ఎవరును చూపని ఘట్టమును చూచి, తన మాటలతో వ్రాసిన బాలునికి శిక్ష పడినచో, మఱుసటి యేడు వాడు మార్గదర్శిని కొనును. వాని తమ్ముడు సాహిత్యమునే మానును. ఇప్పటికే మన కళాశాలలలో తెలుగును కోరి చదువువారు అరుదైనారు. ఆ కొలదిమందిని పరీక్షకుని ఏమఱుపాటుకు బలియిచ్చుటకంటె భాషకు చేయగల ద్రోహము వేరొండు లేదు.

మాకు చేతనైనంతలో, ఆ బాలుని జవాబుపత్రమును తెప్పించుకొనుటకు అర్జీ వ్రాసి యిచ్చితిమి. తండ్రి దానిపై వ్రేలిముద్ర వేసెను, కుమారుడు చేవ్రాలు చేసెను. పోవుచు ఆ రైతు, "మార్కులు రాకున్న మానె, మావాడు వ్రాసినది తప్పు కాదని ఒక్కరు చెప్పిన చాలును" అనెను. తప్పు కాదని మేము చెప్పుచున్నాము. అది చెప్పవలసినవారు వేరే యున్నారు. వారు చెప్పువఱకు ఈ విషయమును మేము విడువము.